కొలనోస్కోపీ పొడికి మూడున్నర, చీటీకి సున్నా

మార్కులు ముందే చెప్పేస్తా. చదివే ఓపిక లేనోళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. కొలనోస్కోపీకి, అంటే కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్షకి, ముందు పేగు శుభ్రం చేసే పెగ్ పొడికి 5కి 3.5. మొదటి ఆసుపత్రిలో చేతిలో పెట్టిన డైట్ చీటీకి సున్నా. రెండోచోట ఫోన్ చేసి మరీ అడిగిన నర్సమ్మకి 5కి 5. వాళ్ళు నాకేసిన మార్కులు కూడా ఉన్నాయండోయ్. మొదటిసారి 9కి 4, రెండోసారి 9కి 8. పేగు ఎంత శుభ్రంగా ఉందో చెప్పడానికి బోస్టన్ స్కేలు అని ఒకటుంది. పెద్దపేగును కుడి, మధ్య, ఎడమ అని మూడు ముక్కలుగా చూసి ఒక్కోదానికి 0 నుంచి 3 దాకా మార్కులు వేస్తారు. మొత్తం కనీసం 6 రావాలి, ఏ ముక్కకీ 2 తగ్గకూడదు. పదో తరగతి ఒక్క ఊపులో పాసైనవాణ్ణి, 54 ఏళ్ళ వయసులో దీంట్లో ఫెయిలై సప్లిమెంటరీ కట్టాను.

మాది బుచ్చిరెడ్డిపాలెం. రైస్ మిల్లులో గుమాస్తాగా ముప్పై ఏళ్ళ పైన. మొన్న వేసవిలో మెట్లెక్కితే ఆయాసం వచ్చి రక్తం పరీక్ష చేయించుకుంటే హిమోగ్లోబిన్ బాగా తక్కువుంది. ఐరన్ మాత్రలు రాసి, ‘రక్తం ఎక్కడికి పోతోందో చూడాలి, కొలనోస్కోపీ చేయించుకో’ అన్నారు. నెల్లూరులో ఒక ఆసుపత్రికి పోయాం. పేరు చెప్పను, అడగొద్దు.

అక్కడ ఇచ్చిన చీటీ అరచేయంత. జిరాక్సుకి జిరాక్సు తీసీ తీసీ అక్షరాలు బూజు పట్టినట్టు ఉన్నాయి. ఆహారం గురించి అందులో ఉన్నది రెండే ముక్కలు: ‘పీచు పదార్థములు మానవలెను. ముందు రోజు ద్రవ పదార్థములు మాత్రమే తీసుకొనవలెను.’ కౌంటర్లో అమ్మాయిని ‘ద్రవాలంటే ఏవేవి తాగొచ్చమ్మా?’ అని అడిగితే, ‘ఏదైనా లిక్విడ్ అంకుల్’ అని ఫోనెత్తింది.

నేను లెక్కలు రాసే మనిషిని, కాగితం మీద ఏముంటే అది తు.చ. తప్పకుండా చేస్తాను. పీచంటే నాకు తెలిసింది తేగ పీచు, తాటిపండు పీచు. అవి మానేశాను. అంతకుముందు రోజు రాత్రి మా ఇంటామె ములక్కాడల పులుసు, గోంగూర పచ్చడి పెడితే శుభ్రంగా తిన్నాను. ములక్కాడ నమిలి పీచు ఊసేశాను కదా, చీటీ ప్రకారమే నడిచినట్టు. మర్నాడు ఒక్క మెతుకు ముట్టలేదు. పొద్దున రాగిజావ, అందులో మజ్జిగ, సన్నగా తరిగిన ఉల్లిపాయ. పదకొండుకి గ్లాసుడు పాలు. మధ్యాహ్నం టమోటా చారు రెండు గ్లాసులు, ఆవాలు జీలకర్ర కమ్మగా తాలింపేసి. సాయంత్రం ఎండకి తాళలేక సెంటర్లో నన్నారి షర్బత్, దాని మీద రెండు చెంచాల సబ్జా. అన్నీ ద్రవాలే! రాత్రికి రెండు లీటర్ల పొడినీళ్ళు కూచుని తాగేశాను. తెల్లార్లూ బాత్రూమే. ఇంక లోపలేం మిగిలుంటుందిలే అనుకున్నాను.

మత్తు తేలికగానే ఇచ్చారు. పక్కకి తిరిగి పడుకుంటే టీవీ తెర కనపడుతూనే ఉంది. గులాబీ రంగు గోడలు, మధ్యలో మబ్బుగా మడ్డి నీళ్ళు. ఆ నీళ్ళల్లో నల్లగా గుండ్రంగా ఒకటి తేలింది. ‘ఇదేందిది?’ అన్నారు డాక్టరుగారు, తనలో తనే అన్నట్టు. మత్తులోనే నేను ‘ఆవగింజ సార్’ అన్నాను. ఆ వెనకాలే ఇంకోటి, చుట్టూ జిగురు కట్టి కప్ప గుడ్డులాగా ఉంది. ‘అది సబ్జా సార్.’ ముప్పై ఏళ్ళు గింజ చూసి బస్తా ధర చెప్పిన కళ్ళు, అక్కడ కూడా ఊరుకోలేదు. ఆ తర్వాత బల్లిగుడ్డు రంగులో చదునుగా వచ్చింది టమోటా గింజ. గొట్టంలో నీళ్ళు పీల్చే దారి సన్నగా ఉంటుందంట, ఈ గింజలు పోయి దాంట్లో ఇరుక్కున్నాయి. మిల్లులో ఎలివేటరు గొట్టానికి గోనెసంచి పీలిక అడ్డుపడితే ఎట్లుంటుందో, అంతే. రెండుసార్లు కడిగి చూసి, ఇంక కాదని గొట్టం బయటికి తీసేశారు. కుడి 1, మధ్య 1, ఎడమ 2. వెరసి 4.

‘చీటీ ఇచ్చాం గదా, చూసుకోలేదా?’ అన్నారు బయట. చూసుకున్నాను కాబట్టే ఇట్లా అయింది అందామనుకున్నాను. మత్తు దిగక నోరు తిరగలేదు. డబ్బులు మాత్రం పూర్తిగా కట్టించుకున్నారు.

దర్గామిట్టలో ఉండే మా అక్కకి ఈ సంగతి చెప్తే పడీ పడీ నవ్వి, తర్వాత ‘అబ్బయ్యా, నువ్వు ఇంక బుచ్చిలో ఉండి చేయించుకోబాక. మా ఇంటికొచ్చి నాలుగు రోజులుండు. మీ బావకి చేసినచోట చేయిద్దాం’ అంది. ఇది మంచి సలహా, మీరూ పాటించండి. రాత్రి పొడి తాగి తెల్లారి అరగంట బస్సులో కూచుని నెల్లూరు రావడమంటే ఏమిటో మొదటిసారి కోవూరు దాటకముందే తెలిసింది. ఇంతకన్నా విడమరచి రాయను.

రెండోచోట డాక్టరు రాసిచ్చాక ఒక నర్సమ్మ పక్కన కూచోబెట్టుకుని ‘మీరు రోజూ ఏం తింటారో చెప్పండి బాబాయ్’ అంది. ఆ ప్రశ్న మొదటిచోట ఎవరూ అడగలేదు. పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా చెప్పించుకుని, ఒక్కోటీ కొట్టేస్తూ వచ్చింది. మిల్లులో మా ఓనరు కూలి లెక్క కొట్టేసినట్టే ఉంది వ్యవహారం. ఐరన్ మాత్రలు వేసుకుంటున్నానని చెప్పగానే పెన్ను ఆగిపోయింది. ‘మొదటిసారి ఇవి ఆపలేదా? వారం ముందే ఆపాలి. నల్లగా, జిగటగా గోడలకి పట్టుకుంటాయి’ అని డాక్టరు దగ్గరికి పోయి అడిగొచ్చింది. షుగరు మాత్ర ఆ రెండు రోజులు ఎట్లా వాడాలో కూడా ఆయనతోనే రాయించింది. రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్ళయితే అది ఇంకా ముఖ్యమంట. సొంతంగా ఆపేస్తే గుండెకి ముప్పు, ఆపకపోతే పాలిప్, అంటే పేగు గోడ మీది బుడిపె, కోసేటప్పుడు ముప్పు. డాక్టరు మాటే వినాలి.

ఇంక మూడు రోజుల తిండి. ఇక్కడే నాకు జీవితంలో రాని అదృష్టం పట్టింది. షుగరొచ్చినప్పటి నుంచి మా ఇంటామె దంపుడు బియ్యం తప్ప పెట్టదు. మిల్లులో రోజంతా మల్లెమొగ్గల్లాంటి బియ్యం చూస్తూ ఇంటికొచ్చి ఎర్రన్నం తినే బాధ పగవాడికి కూడా వద్దు. నర్సమ్మ ‘దంపుడు బియ్యం, రాగులు, కొర్రలు వద్దు, బాగా పాలిష్ పట్టిన తెల్లన్నమే తినండి’ అంది. నేను మా ఆవిడ వైపు తిరిగి, ‘విన్నావా?’ అన్నాను. ‘విన్నాలే, మూడు రోజులే’ అంది. 34449 రకం, మనం నెల్లూరు మసూరి అంటామే, అది పాతబడిన బియ్యం ఒక చిన్న సంచి మిల్లు నుంచి తీసుకుని పోయాను అక్కా వాళ్ళింటికి. తవుడు పొర ఎంత పోతే పీచు అంత పోతుంది. మామూలు రోజుల్లో అది నష్టం, ఈ మూడు రోజులూ అదే కావాలి.

ఆ తెల్లన్నంలోకి ఏం వేసుకోవాలన్నది అసలు సమస్య. పప్పు వద్దు, ఆకుకూర వద్దు, వంకాయ, బెండకాయ, దొండకాయ, టమోటా వద్దు, అన్నింట్లో గింజలే. గోంగూర పేరెత్తితేనే నర్సమ్మ నవ్వింది. ఊరగాయల్లో ఆవపిండి, మెంతులు, తొక్కలు. కారం దోశ మాట మర్చిపోవాల్సిందే. కారం వల్ల ఇంకో చిక్కుంది, రేపు బాత్రూములో తెలుస్తుంది మంట. మిగిలిందేంటయ్యా అంటే తొక్క తీసిన బంగాళాదుంప, తొక్కా గింజా తీసి మెత్తగా ఉడికించిన సొరకాయ, గుడ్డు, ముల్లు తీసిన చేప, పెరుగు, ఇడ్లీ. ఇడ్లీలోకి చట్నీ లేదు, రవ్వంత నెయ్యి. అక్క అలవాటు చొప్పున ఒకపూట సొరకాయ కూరలో తాలింపు వేసేసింది. వేశాక నాలిక్కరుచుకుని, చెంచాతో ఒక్కో ఆవగింజా ఏరింది. ఏరుతూ ‘ఇరవై మూడు వచ్చినయ్ రా అబ్బయ్యా, చాలా?’ అంటుంది. నేను ఆ కూర ముట్టలేదు. ఆవగింజ అంటే ఇప్పటికీ ఆ టీవీ తెర గుర్తొస్తుంది.

ముందు రోజు ద్రవాలే, కానీ ఈసారి ఆ మాటకి అర్థం చెప్పింది నర్సమ్మ. ‘గాజు గ్లాసులో పోసి వెనకాల పేపరు పట్టుకోండి. అక్షరాలు చదవగలిగితే తాగండి, లేకపోతే వద్దు.’ ఇంతే! ఈ ఒక్క వాక్యం ఆ చీటీ మీద ఉంటే నాకు ఒక ఖర్చు, ఒక రాత్రి జాగారం తప్పేవి. పాలు వద్దు, జావ వద్దు, పాలు పోసిన టీ వద్దు. వడగట్టిన కొబ్బరినీళ్ళు, పల్చటి నిమ్మకాయ నీళ్ళు ఉప్పూ పంచదారతో, పాలు లేని టీ, ఓఆర్ఎస్, తేట యాపిల్ జ్యూసు. మజ్జిగ తేట కొన్నిచోట్ల ఒప్పుకుంటారంట, ఈమె ఒప్పుకోలేదు. మీవాళ్ళని అడగండి. నన్నారి, ద్రాక్షరసం లాంటి ఎరుపు, ఊదా రంగువి ఏవీ తాగకూడదు. లోపల చూసినప్పుడు రక్తమేమో అనుకునే ప్రమాదముంది. షుగరు పడిపోయి కళ్ళు తిరిగితే కలకండ చప్పరించమంది. బావ ఆ రోజు పేపరు చదవడమే మానేశాడు, పొద్దుట్నించీ నా గ్లాసుల వెనకాల పట్టుకోవడానికే సరిపోయింది.

ఆ రోజే అక్క చేపల పులుసు పెట్టింది. ఇది మాత్రం మర్చిపోను, క్షమించను. ‘పులుసు రేపటికే బాగుంటుంది గదా, నువ్వు వచ్చాక తిందువుగాని’ అని సమర్థించుకుంది. కొరమీను, పుల్లమామిడికాయ ముక్కలు, మట్టిదాక. మూత తీసినప్పుడల్లా ఇల్లంతా వాసన. నేను హాల్లో నిమ్మకాయ నీళ్ళు పట్టుకుని కూచున్నాను. బావ నా మొహం చూడకుండా గోడవైపు తిరిగి తిన్నాడు, అదొక మర్యాద.

ఇప్పుడు పొడి సంగతి. ప్యాకెట్టు 137 గ్రాముల చిల్లర, రెండు లీటర్ల నీళ్ళల్లో కలపాలి. ఖరీదు ఇద్దరు హోటల్లో చేపల పులుసు భోజనం చేసినంత. అందులో 118 గ్రాములు పాలీఇథిలీన్ గ్లైకాల్, మిగతాది రకరకాల ఉప్పులు. ఈ పెగ్ అనేది పేగుల్లోంచి రక్తంలోకి ఇంకదు. తాగిన నీళ్ళని తనతోపాటే పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరదాకా తోసుకుంటూ పోతుంది. సోమశిల నీళ్ళు వదిలే ముందు కాలవలో గుర్రపుడెక్క, పూడిక తీస్తారే, ఆ పని ఇది నీళ్ళతోనే చేస్తుంది. ఉప్పులు ఎందుకంటే, అంత నీరు పోతున్నా ఒంట్లో సోడియం, పొటాషియం తారుమారు కాకుండా. ఈ మిశ్రమం 1980లో అమెరికాలో తయారైంది. అంతకుముందు రోజులకి రోజులు నీళ్ళ మీద ఉంచి, ఆముదం తాగించి, ఎనిమాలు ఇచ్చేవాళ్ళంట. దాంతో పోల్చుకుంటే ఇది ఎంతో నయం.

బావకి చాన్నాళ్ళ కిందట ఇంకోచోట చేసినప్పుడు మ్యానిటాల్ తాగించారు. అది తియ్యగా ఉంటుంది, ఇంతకన్నా సులువు కదా అని నర్సమ్మని అడిగాను. దాన్ని పేగులోని సూక్ష్మజీవులు పులియబెట్టి మండే గ్యాసు పుట్టిస్తాయంట. పాలిప్ ఉంటే కరెంటు తీగతో కోస్తారు కదా, అక్కడ నిప్పురవ్వ పుడితే? వెనకటికి పేగు పేలిన కేసులు కూడా ఉన్నాయంట. మిల్లులో తవుడు దుమ్ము లేచేచోట మేం బీడీ ముట్టించనియ్యం. ఇంక నేను తీపి గురించి ఎత్తలేదు.

రుచి. చిన్నప్పుడు మైపాడు సముద్రంలో మునిగి లేచేటప్పుడు ఒక గుక్క మింగేవాళ్ళం చూడండి, దాంట్లో నిమ్మతొన బిళ్ళ కరిగించినట్టు ఉంటుంది. మొదటి మూడు గ్లాసులు ఫర్వాలేదు, నాలుగో గ్లాసు నుంచి నోరు ఎదురు తిరుగుతుంది. మార్కు పోయింది అక్కడే. ఇంకో అర మార్కు ప్యాకెట్టు మీది అక్షరాలకి. కళ్ళజోడు పెట్టుకున్నా కనపడవు, పైగా అంతా ఇంగ్లీషే.

మొదటిసారి గోరువెచ్చగా కలిపి గడగడా తాగి సగం వాంతి చేసుకున్నాను. రెండోసారి పొద్దున్నే రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాలో కలిపి, సీసా మీద బాల్ పెన్నుతో ఎనిమిది గీతలు గీసి ఫ్రిజ్జులో పెట్టాం. చల్లగా ఉంటే ఉప్పు సగం తెలియదు. పావు లీటరు, పదిహేను నిమిషాలు ఆగడం, మళ్ళీ పావు లీటరు. స్ట్రాతో నాలిక వెనక్కి పడేట్టు తాగితే రుచి తగలదు. మధ్యలో నిమ్మచెక్క వాసన చూస్తే కడుపులో తిప్పడం తగ్గుతుంది. లేచి హాల్లో నాలుగడుగులు వేస్తే ఉబ్బరం దిగుతుంది. అంత చల్లటి నీళ్ళకి ఒళ్ళు వణికింది, మే నెలలో నెల్లూరులో దుప్పటి కప్పుకున్న మగాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

రెండో తేడా, సగం సగం తాగడం. సాయంత్రం ఆరింటికి ఒక లీటరు, తెల్లారుజామున నాలుగున్నరకి లేచి ఇంకో లీటరు. పరీక్ష పదకొండుకి. ఆరుకల్లా సీసా ఖాళీ చేసి, ఎనిమిది తర్వాత చుక్క నీళ్ళు కూడా లేవు. మొదటిచోట అంతా రాత్రే తాగించారు. రాత్రి కడిగేశాక కూడా చిన్నపేగు నుంచి పసరు, జిగురు తెల్లార్లూ దిగుతూనే ఉంటుంది, అది వచ్చి పడేది ముందు కుడివైపే. నాకు మొదటిసారి కుడివైపు 1 ఎందుకొచ్చిందో నిద్ర లేని ఆ నాలుగున్నరకి అర్థమైంది. గింజలు ఒక కారణం, వేళ ఇంకో కారణం.

తాగిన నలభై నిమిషాలకి మొదలు. మోటారు వేసి ట్యాంకు నింపి పెట్టుకోండి, కరెంటు మీద నమ్మకం పెట్టుకోబాకండి. లుంగీ చాలు, ముడులూ బొత్తాలూ ఉన్నవి వద్దు. మూడోసారికే కొబ్బరినూనె రాసుకోవడం మొదలుపెట్టండి, మండాక రాసుకుంటే లాభం లేదు. బావ గడప పక్కన గిన్నె పెట్టి, నేను పోయినప్పుడల్లా ఒక చింతగింజ వేశాడు. తెల్లారేసరికి పద్దెనిమిది. అక్క ‘ఇదేం లెక్కయ్యా, అష్టాచెమ్మా ఆడుకుంటున్నారా’ అని తిట్టింది.

ఏడింటికి ఆసుపత్రి నుంచి ఫోను. ‘బాబాయ్, సీసా అయిందా? ఆఖరుసారి ఏ రంగు?’

పక్కన అందరూ ఉన్నారు. గొంతు తగ్గించి, ‘పసుప్పచ్చగా’ అన్నాను.

‘పసుపు నీళ్ళ మాదిరా, టీ మాదిరా? అడుగు కనపడుతోందా?’

‘కనపడతావుందమ్మా. నిమ్మకాయ నీళ్ళు ఉంటాయి చూడు, అట్లా.’

‘ఐతే బయల్దేరండి. టీ మాదిరి ఉండుంటే ఇంకొంచెం తాగించేదాన్ని.’

ఆ ఫోనుకే 5కి 5. పెద్ద యంత్రాలేం అక్కర్లేదు, ఇంటి నుంచి కదలకముందే ఒక్క మాట అడగడం. మొదటిచోట ఇదే అడిగి ఉంటే, ‘టీ రంగు, మధ్యలో నల్లగా ఏవో తేలుతున్నాయి’ అని చెప్పి ఉండేవాణ్ణి.

ఈసారి తెర మీద గింజ ఒక్కటి లేదు. గోడలు కడిగిన గచ్చులాగా మెరుస్తున్నాయి. కుడివైపున గోడ మీద చిన్న బుడిపె, 6 మిల్లీమీటర్లు. ‘పోయినసారి ఇక్కడిదాకా చూపు ఆనలేదు, మీరు తెచ్చిన రిపోర్టులో కుడివైపు 1 ఉంది కదా’ అన్నారు డాక్టరుగారు. తీగతో ఉచ్చు వేసి అక్కడే తీసేశారు. నాకేం నొప్పి తెలియలేదు. కుడి 2, మధ్య 3, ఎడమ 3. మార్కులు చూసి బావ చెయ్యి కలిపాడు.

బుడిపె తీశారు కాబట్టి ఆ పూటకి పెరుగన్నమే, కారం వద్దన్నారు. పులుసు మర్నాటికి ఉంచారు. తలకాయ ముక్క నాకోసం దాచానని అక్క ఒట్టేసింది గాని, దాకలో మామిడికాయ ముక్కలు రెండూ, నడుం ముక్క ఒకటీ ఉన్నాయి. బావ మళ్ళీ గోడవైపు తిరిగి కూచున్నాడు.

పదిరోజులకి బయాప్సీ వచ్చింది. అడినోమా అంట, వదిలేస్తే ముందు ముందు కేన్సర్‌గా మారే అవకాశం ఉన్న రకం. ఇప్పుడు పోయింది కాబట్టి భయం లేదన్నారు. నా రక్తం తగ్గింది దాని వల్ల కాకపోవచ్చు, కడుపు కూడా ఎండోస్కోపీ చేసి చూద్దామన్నారు. దానికి ఈ పొడి గొడవ లేదు, రాత్రి నుంచి ఏమీ తినకుండా పోవడమే. మళ్ళీ కొలనోస్కోపీ అయిదేళ్ళకి. అయిదేళ్ళ కేలండరు ఎవరి దగ్గరుంది? మా ఇంటామె బీరువా తలుపు లోపల, గ్యాస్ సిలిండరు తెచ్చిన తేదీలు రాసేచోట, దాని కిందే రాసింది: సంవత్సరం, నెల, పక్కన ‘ఆవాలు వద్దు’.